ఖాళీ గడికి పచ్చరంగు

అబద్ధం చెప్పమని మరిది అడగలేదు, ఆమెను ఎక్కువగా తొలుస్తున్నది అదే. అడిగి ఉంటే సులువుగా ఉండేది, ముఖం మీదే కుదరదని చెప్పి కారు దిగకుండా ఇంటికి తిరిగి వెళ్ళిపోయేది. తలుపు తెరిచి పట్టుకుని, చేతిసంచీ అందించి, పెద్దవాళ్ళను దింపేటప్పుడు ఎప్పుడూ చూపే ఆ మర్యాదతోనే, అడిగినదానికే చెప్పండి వదినా, అడగనిదాన్ని మనంతట మనం నెత్తికెత్తుకోవద్దు, అన్నాడు. ఆ మీదట ఒక వాక్యం కూడా ఇచ్చాడు, వకీలుతో కూర్చుని చెక్కించిన వాక్యం, వ్యవస్థ రాసినట్టే పనిచేసింది, అని. ఈ విచారణ గది బయట, చిల్లులు చిల్లులుగా ఉన్న ఇనుప బెంచీ మీద కూర్చున్నప్పటినుంచీ ఆ వాక్యాన్ని ఆమె నోట్లో గులకరాయిలా అటూ ఇటూ దొర్లిస్తున్నది, ఏ వైపునుంచి కొరికినా పంటికి అబద్ధం తగలదు. వ్యవస్థ ఉంది, దాన్ని రాశారు, రాసినట్టే పనిచేసింది, ఒక మనిషి చనిపోయాడు. జీవితమంతా ఆమె మాటల్లో సందు లేకుండా మాట్లాడమని తన కింద పనిచేసే పిల్లల్ని పీడించింది, అందుకే ఆఫీసులో ఆమె వెనక బెత్తమ్మ అంటారు, ఆమెకు తెలుసు, కొంచెం గర్వంగా కూడా ఉండేది. సందు లేని వాక్యం ఇంత దుర్మార్గంగా ఉండగలదని అరవై దాటాక ఈ నడవలో నేర్చుకోవలసి వచ్చింది. ఫినాయిలు వాసన, నీళ్ళ యంత్రం ఉండుండి గుటక వేస్తున్న చప్పుడు, మధ్యాహ్నపు ఎండ కిటికీ ఊచల్లోంచి నేలమీద పడి మెల్లగా ఎదుటి బెంచీ కాళ్ళవైపు జరుగుతున్నది, ఆ బెంచీ మీద నర్సు.

నర్సును చూడకుండా ఉండాలని ఆమె కిటికీని చూస్తున్నది, కిటికీ అద్దంలో మళ్ళీ నర్సే. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, జుట్టు బిగించి ముడివేసుకుంది, ఒళ్ళో రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి, డ్యూటీలో లేని నర్సుల చేతులు ఎక్కడ ఉండాలో తెలియక అలాగే ఉంటాయి. ఆ చేతులే సూది వేశాయి. బేకరీలో పనిచేసే మనిషి, బ్రెడ్డు కోసే యంత్రంలో వేలు ఇరుక్కుని, వేలికి గుడ్డ చుట్టుకుని, తన కాళ్ళతో తానే నడుచుకుంటూ ఆస్పత్రికి వచ్చాడు, లోపలికి వస్తూ కాపలావాడితో ఏదో పరాచికం కూడా ఆడాడట, ఇవాళ బ్రెడ్డులో జామ్ నేనే కలిపానని. చీము పట్టకుండా ఒక మందు, ఆ మందు అతని ఒంటికి పడదు, చిన్నప్పుడు ఒకసారి గొంతు మూసుకుపోయింది, ఆ సంగతి అతని భార్యకు తెలుసు, అతని వీధిలో సగం మందికి తెలుసు, ఆస్పత్రి రికార్డులో మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి. సూది ఎత్తేముందు నర్సు తెర చూసింది. తెర మీద ఆకుపచ్చ రంగు. పచ్చ అంటే పడని మందు కాదు, ఇవ్వవచ్చు. ఇచ్చింది. వేలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన మనిషి కట్టుతో సహా పోయాడు. అడిగి ఉంటే చెప్పేవాడు కదండీ, నోరు బాగానే ఉంది కదా ఆయనకి, అని భార్య పత్రికవాళ్ళతో అన్నదట. ఏడుస్తూ కాదు, ఆశ్చర్యపోతూ అన్నదట, ఆ ఆశ్చర్యాన్ని తాను పక్షం రోజులుగా మోస్తున్నది, ముఖం కడుక్కుంటుంటే వస్తుంది, మెట్లు దిగుతుంటే వస్తుంది, అడిగి ఉంటే చెప్పేవాడు కదండీ.

ఆ పచ్చ ఎలా వచ్చిందో ఈ నడవలో తెలిసినది తన ఒక్కతెకే. రోగుల సమాచారమంతా డేటాబేసులో ఉంటుంది. ఈ మందు పేరు, ఈ మనిషికి పడని మందుల మాటల్లో ఎక్కడైనా ఉందా అని పోల్చి చూసే ఫంక్షన్ ఆ డేటాబేసుతోపాటే వస్తుంది, ఎందరో ఏళ్ళ తరబడి సానబెట్టిన పనిముట్టు, దానిలో తప్పు లేదు, ఈ రోజుకీ లేదు. ప్రశ్న రాసి ముందు గుమ్మంలోంచి పంపితే డేటాబేసు తానే కాపలా కాస్తుంది. పోల్చవలసిన రెండింట్లో ఒకటి ఖాళీ అయితే ఆ ఫంక్షన్‌ను లేపనే లేపదు, ఉందనీ అనదు, లేదనీ అనదు, తెలియదు అంటుంది. మొదటిసారి ఆ సంగతి చదివినప్పుడు ఆమెకు పాతికేళ్ళు, చదివి పుస్తకం మూసి చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది, తెలియదు అని ఒప్పుకునే యంత్రమా అని. ఇంట్లో మామగారు, ఆఫీసులో పెద్దలు, రేడియోలో మాట్లాడేవాళ్ళు, ఏ ఒక్కరి నోటా ఆమె ఆ మాట విని ఎరగదు. అయితే మరిది నడిపే తమ కంపెనీ రాసింది ఎక్స్‌టెన్షన్, అంటే డేటాబేసు కడుపులోనే కూర్చుని పనిచేసే సొంత కోడ్. అక్కడినుంచి ఆ పోల్చే ఫంక్షన్‌ను నేరుగా పిలవవచ్చు, పని క్షణంలో అవుతుంది, కానీ నేరుగా పిలిచినవాడికి కాపలా ఉండదు. ఏ భాష అక్షరక్రమం ప్రకారం పోల్చాలో మనమే చెప్పి పంపాలి, ఖాళీ ఉందేమో మనమే చూసుకోవాలి. చూసుకోకుండా ఖాళీని దాని చేతిలో పెడితే అది లేనిదాన్ని చదవబోయి కుప్పకూలుతుంది, తనతోపాటు సర్వర్‌నంతా కూలుస్తుంది. ఈ పాఠం ఆమె తూనీగకు స్వయంగా చెప్పింది, ఒకచోట నిలవని పిల్ల, కుర్చీలో కూర్చున్నా కాళ్ళు ఎగురుతూనే ఉంటాయి, అందుకే ఆ పేరు, చేతివేగంలో ఆఫీసులో దానికి సాటి లేదు. అంతా విని, దొడ్డిగుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళకి కుక్క సంగతి ఎవరూ చెప్పరన్నమాట, అంతేగా మేడమ్, అంది తూనీగ. ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వకుండా, కుక్క ఉందని రాసి పెట్టుకో, అంది.

రాసి పెట్టుకోలేదు. ఆస్పత్రిలో పెట్టిన మొదటి నెలలోనే ఎక్కడో ఒక ఖాళీ గడి తగిలి సర్వర్ పడిపోయింది, ఆస్పత్రిలో తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి, ఫోన్లు. ఆ రోజు ఆమె ఆఫీసులో లేదు, భర్త మంచం పక్కన ఉంది. ఆయన ఊపిరితిత్తుల్లో నీరు, లిఫ్టు పాడైతే నాలుగో అంతస్తునుంచి అన్నను వీపున మోసుకుని దించినవాడు మరిది, దించి అంబులెన్సులో పడుకోబెట్టి, చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోగా, ఏం కాదు వదినా, నేనున్నాగా, అన్నవాడు, అక్కడినుంచే ఫోన్లో తూనీగతో, సాయంత్రంలోగా పడిపోవడం ఆగాలి, ఎలా ఆపుతావో నాకు అనవసరం, అని కూడా అన్నవాడు. రెండూ ఒకే నోరు, ఒకే అరగంట. ఆపడానికి తూనీగ రెండు వరసలు రాసింది. గడి ఖాళీగా ఉంటే ఫంక్షన్‌ను పిలవకు, లేదు అని తిప్పి పంపు. ఖాళీని చూసుకోమన్న పాఠం సరిగ్గానే గుర్తుపెట్టుకుంది, చూసుకున్నాక ఏం చెప్పాలన్నదే తొందరలో జారిపోయింది. తెలియదు అని పంపవలసినచోట లేదు అని పంపింది. ఎరుపు, పచ్చ, పసుపు, మూడు రంగులు పెట్టించింది ఆమే, ఎరుపంటే వద్దు, పచ్చంటే ఇవ్వు, పసుపంటే రోగిని అడుగు. ఆ రెండు వరసలతో పసుపు చచ్చిపోయింది, ఆస్పత్రిలో మళ్ళీ ఎవరికీ కనబడలేదు. భర్త పోయి, చావు పనులన్నీ అయ్యాక ఆమె ఆఫీసుకు వచ్చి కోడ్ తెరిచి చూసి నేరుగా మరిది గదికి వెళ్ళింది. కూర్చోండి వదినా, అన్నాడు. కూర్చోలేదు. పసుపు పోయింది, పెట్టాలి, అంది. పెడదాం, కానీ ఇప్పుడు పెడితే ప్రతి రెండో మనిషికీ పసుపే వస్తుంది, గడులు ఎవరు నింపుతున్నారు అక్కడ, నర్సులు మన మీద పడతారు, ఇప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు కదా, అన్నాడు, అని, తిన్నారా, అని అడిగాడు, నిజంగానే, ఆమె ముఖం చూసి భయపడి, అన్న పోయిన పదో పదిహేనో రోజున. ఇబ్బంది లేదు. తెర నల్లబడితే ఇబ్బంది, ఫోను మోగితే ఇబ్బంది. తెలియని సంగతి తెలిసినట్టు పచ్చగా వెలుగుతుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది, గోడకు చెప్పినట్టే. అడగడం మానలేదు, అడగడం ఒక అలవాటుగా మారిపోయింది, పండ్లు తోముకోవడంలాగా, అలవాటు అయినదానిలో కోపం ఉండదు. అదొక్కటే ఈ వ్యవహారంలో ఆమె తనకు తాను మన్నించుకోలేనిది.

కోపం ఆ మనిషి పోయాక వచ్చింది. కబురు తెలిసిన మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి తూనీగను కుర్చీలోంచి లేపి తాను కూర్చుంది, ఆ రెండు వరసలూ చెరిపి సరైనవి రాసింది, రాసి పరీక్షించింది, ఖాళీ గడితో, ఖాళీ మందుతో, రెండూ ఖాళీలతో, వచ్చిన ప్రతిసారీ పసుపు, తేనెలాంటి చక్కటి పసుపు. ఏళ్ళ తర్వాత చేతుల్లోకి పడుచుతనం తిరిగి వచ్చినట్టయింది. వెనక నిలబడి తూనీగ ఏడుస్తున్నది. ఏడుపు తర్వాత, ముందు ఇది చదువు, అంది. మరిదికి ఎదురు తిరగడానికి మాటలు కూడగట్టుకుని వెళితే అతను వినకముందే తల ఊపాడు, ఇవాళే పెట్టేయండి వదినా, సాయంత్రం దాకా కూడా ఆగొద్దు, అన్నాడు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. అన్న రక్తం ఎక్కడికి పోతుంది అనుకుంది, చావు చూస్తే గానీ మనసు కరగదు కొందరికి, అయినా కరిగింది కదా, అనుకుంది. మెట్లమీద అతని భుజం తట్టింది కూడా. ఆ భుజం తట్టడం ఇప్పుడు ఎందుకు గుర్తుకు వస్తున్నదో తెలియదు, కాదు, తెలుస్తుంది కాసేపట్లో, నర్సు గొంతు సవరించుకుంటున్నది.

"మేడమ్, మీరు మాకు నేర్పించడానికి వచ్చారు కదండీ? నన్ను లేపి నిలబెట్టారు. ముందు వరసలో కూర్చుని కునుకుతున్నానని."

ఆమెకు గుర్తు లేదు. ఎందరినో నిలబెట్టింది.

"రాత్రి డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చాం ఆ రోజు. మీకేం తెలుసు పాపం. రంగు చూడకుండా సూది ఎత్తితే వేళ్ళ మీద కొడతానన్నారు, అందరూ నవ్వారు. నేను మాత్రం అప్పట్నుంచీ చూడకుండా ఎత్తలేదండీ, ఒట్టు. మీరు వచ్చారంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంది."

ధైర్యంగా ఉందట. ఇనుప బెంచీ చిల్లులు తొడల్లోకి దిగుతున్నాయి, లేచి వెళ్ళి నీళ్ళు తాగాలి, నీళ్ళ యంత్రం దగ్గర ఒకటే గ్లాసు గొలుసుతో కట్టి ఉంది, ఎవరు ఎత్తుకుపోతారు ఆ గ్లాసును, మనుషుల మీద అంత అపనమ్మకం ఉన్నచోట తెర మీద ఎంత నమ్మకం. తానే నమ్మించింది. ఆ హాల్లో నిలబడి, ఒక చేత్తో మైకు పట్టుకుని, మనిషి మరిచిపోతాడు, ఇది మరిచిపోదు, అన్నది. నిద్రకళ్ళతో ఉన్న ముప్పై మంది ఆడవాళ్ళు, రాత్రంతా మూత్రపు గిన్నెలు మోసి వచ్చినవాళ్ళు, నమ్మారు. అప్పటికి అది నిజమే. నిజం పాలలాంటిది కాబోలు, చెప్పిన రోజు బాగానే ఉంటుంది. నర్సుకు ఏదో ఒకటి అనాలి. మీకు చాలా కష్టం వచ్చిందమ్మా, అంది, అని, ఆ మాట తన నోట్లోంచి ఎంత చల్లగా, ఎంత పొందికగా వచ్చిందో విని అసహ్యించుకుంది.

"కష్టమంటే ఏం చెప్పాలండీ. ఉద్యోగం సంగతి సరే. ఇంక ఏ ఆస్పత్రిలోనూ సూది పట్టుకోకుండా పేరు కొట్టేస్తారట. మా ఆయన బయటికేం అనడు, కానీ పిల్లాడికి దగ్గు మందు నేను పోస్తుంటే సీసా తీసి ఆయన కూడా ఒకసారి చూస్తున్నాడు." నర్సు నవ్వబోయింది. "నేనైనా అంతే చేస్తాను లెండి. నాకే నా మీద నమ్మకం పోయింది. మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళానండీ."

కళ్ళ డాక్టరా, ఎందుకు, అని ఆమె అడిగింది.

"రంగులు కనబడతాయో లేదో చూపించుకుందామని. మొన్న ఆస్పత్రిలో మీ ఆఫీసువాళ్ళు వచ్చి అందరి ముందూ తెర పెట్టి చూపించారు కదండీ. ఆయన రికార్డే తెరిచారు, అదే మందు కొట్టారు. పసుపు వచ్చింది. మళ్ళీ కొట్టారు, పసుపే. మీ పెద్దాయన చాలా మర్యాదగానే అడిగారు, ఏమ్మా, ఇది నీకు పచ్చగా కనిపించిందా, అని. నాకు పచ్చ కనబడిందండీ ఆ రోజు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే పచ్చే. కానీ అక్కడ పసుపు ఉంది, అందరూ చూస్తున్నారు, నేనేమని చెప్పను? డాక్టరు చుక్కల బొమ్మలు చూపించాడు, అన్నీ చెప్పాను, కళ్ళు లక్షణంగా ఉన్నాయి వెళ్ళమ్మా అన్నాడు. అంటే మరి తలే కదండీ. అలిసిపోయి చూడనిది చూసినట్టు అనుకున్నానేమో. ఇవాళ లోపల అదే చెప్పేస్తాను, పసుపే అయి ఉంటుంది, నేనే పొరబడ్డానేమోనని. అంత చెప్పేస్తే చాలట, పోలీసుల దాకా వెళ్ళనివ్వరట."

తేనెలాంటి చక్కటి పసుపు. ఎండ నర్సు చెప్పుల దాకా వచ్చి ఆగింది, లేదా ఆగినట్టు కనిపించింది. ఇవాళే పెట్టేయండి వదినా, సాయంత్రం దాకా కూడా ఆగొద్దు. ఆగకూడదు మరి, అందరి ముందూ చూపించాలి కదా. తాను చెరిపిన ఆ రెండు వరసలు, తాను అంత కోపంతో, అంత శ్రద్ధతో, ముందూ వెనకా పరీక్షించి మరీ పెట్టిన ఆ సరైన వరసలు, వాటిని తీసుకువెళ్ళి ఈ మనిషి ముందు నిలబెట్టి నీకు కళ్ళు లేవన్నారు. ఎవరో రాసిన తప్పు ఒక మనిషిని చంపింది, తాను దిద్దిన ఒప్పు ఇంకొక మనిషికి పిచ్చి పట్టిస్తున్నది. తాను అక్కడ లేదు, ఆ చూపించడం సంగతి తనకు తెలియదు, చెప్పలేదు. చెప్పనక్కరలేదు, మామూలు పరిశీలన వదినా, అనేవాడేమో అడిగితే, అదీ అబద్ధం కాదు. ఎంత నేర్పు, ఎంత పొదుపు! ఒక్క అబద్ధమూ ఖర్చు కాలేదు. తెర మీద కనబడింది నిజంగా పసుపే, రికార్డు నిజంగా ఆ మనిషిదే, మందు నిజంగా ఆ మందే, రోజు మాత్రమే వేరు. పాత కోడ్ ఉందిగా, ఎప్పుడు ఎవరు ఏ వరస మార్చారో అంతా భద్రంగా ఉంటుంది కదా, అని ఒక ఆశ తల ఎత్తింది, అదే ఆశ వెంటనే తల దించింది; ఉంటుంది, అడిగితే చూపిస్తారు, లోపల విచారణకు కూర్చున్న ముగ్గురూ వైద్యులు, మారిందా అని అడగాలని వాళ్ళకు ఎలా తెలుస్తుంది, అడిగినదానికే చెప్పండి వదినా.

చేతిసంచీలో ఫోను వణికింది. తోటికోడలు. తీయకూడదనుకుంటూనే తీసింది. అక్కా, అయిపోయిందా, లోపలికి పిలిచారా, ఆయన పొద్దున్నుంచి టీ కూడా తాగలేదక్కా, ఏమీ కాదని మీరు ఒక్క మాట చెబితే ఆయన వింటారు, నా మాట ఎప్పుడు విన్నారు గనక, మీరంటే మన ఇంట్లో బావగారి తర్వాత బావగారంత, ఎనభై మంది బతుకులక్కా ఆ ఆఫీసు మీద, ఆ తూనీగకి మొన్ననే నెల తప్పిందట, మీకు చెప్పలేదా, చెప్పడానికి భయపడి ఉంటుంది లెండి. ఊపిరి తీయకుండా మాట్లాడుతుంది తోటికోడలు, మంచిది, భర్త పోయిన రాత్రుల్లో కొత్తగా దుప్పటి ఉతికి తెచ్చి, ఒక్క మాట లేకుండా, తన పక్కన పడుకున్నది. ఆ ఇంట్లో అందరూ మంచివాళ్ళే, ఆ మంచితనంలో నలభై ఏళ్ళుగా ఊపిరి పీలుస్తున్నది తాను. తర్వాత మాట్లాడతాను, అంది. తర్వాత ఏం మాట్లాడుతుంది. మళ్ళీ ఆ ఇంటి మెట్లు ఎక్కి ఆ మనుషుల మధ్య అన్నం తినగలుగుతుందా, తినగలదు, నర్సు ఇంట్లో దగ్గు మందు సీసా ఇద్దరు చూసి పోస్తుంటే తాను శుభ్రంగా తిని చేయి కడుక్కోగలదు, మనిషి ఏదైనా చేయగలదు, అదే భయం. వీపున మోసుకుని దించినవాడు. ఆ వీపు, తడిసిన ఆ చొక్కా. ఆ రోజు వెనకనుంచి చూస్తూ దిగుతూ, ఈ జన్మకు ఇతనికి ఎదురు చెప్పను అని అనుకోలేదూ, అనుకుంది, పైకి అనలేదు, కానీ అనుకున్నది ఒట్టు కాకుండా పోతుందా. పోతుంది. పోవాలి. అన్నను దించిన వీపు నర్సును ఎక్కి తొక్కడానికి అనుమతి కాదు.

మెట్లమీద మరిది వస్తున్నాడు, చేతిలో నీళ్ళ సీసా, ఆమె కోసమే. మూత తీసి ఇస్తాడు, ఆమె వేళ్ళకు పట్టు తగ్గిందని అతనికి తెలుసు. నర్సును చూసి తల పంకించాడు, పరామర్శకు వచ్చినవాడిలా. అదే సమయానికి గది తలుపు కొంచెం తెరుచుకుని బంట్రోతు తల బయటికి వచ్చింది, ముందు నర్సమ్మగారు రావాలండీ, అంది ఆ తల. నర్సు లేచింది. బట్టల ముడుతలు సర్దుకుంది, ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, పరీక్షకు వెళ్ళబోతూ చివరి నిమిషంలో పాఠం అడిగే పిల్లలా అడిగింది.

"మేడమ్, మీకు తెలిసినంతవరకు, అక్కడ పచ్చ వచ్చే వీలు ఏమైనా ఉందాండీ? ఊరికే, నా తృప్తి కోసం అడుగుతున్నా."

మరిది సీసా మూత తిప్పడం ఆపాడు. ఆమె ముందు ఒక చక్కటి జవాబు ఉంది, జీవితమంతా ఆమె వెనకేసుకు వచ్చిన జవాబు, యంత్రం నోట విన్నప్పుడు పాతికేళ్ళ పిల్లను గోడకేసి చూస్తూ కూర్చోబెట్టిన జవాబు. తెలియదమ్మా, అనవచ్చు, రికార్డులు చూడాలి, చెప్పలేను, అనవచ్చు, అది పెద్దరికంగా వినబడుతుంది, జాగ్రత్తగా వినబడుతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. గడి ఖాళీగా లేదు. గడి నిండుగా ఉంది, దానిలో ఏముందో తానే రాసింది.

"వీలేమిటి, పచ్చే వచ్చింది" అంది ఆమె. "నువ్వు చూసింది పచ్చే. ఖాళీగా ఉంటే పచ్చ చూపించమని రెండేళ్ళ కిందట మావాళ్ళు రాశారు. ఆయన పోయిన మర్నాడు దాన్ని పసుపుగా మార్చింది నేను. నీకు మొన్న చూపించింది నేను మార్చిన తర్వాతది."

వదినా, అన్నాడు మరిది; కోపంగా కాదు, మెట్లమీద కాలు జారినవాడు అనే గొంతుతో. ఆమె అతని వైపు చూడలేదు, చూస్తే ఆ వీపు గుర్తుకు వస్తుంది. నర్సు ముఖంలో వెలుగు వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది, రాలేదు. నర్సు కదలకుండా నిలబడి ఆ మాటల్ని ఒక్కొక్కటే లోపలికి తీసుకుంటున్నది, ఏ రోజు, ఏ తెర, ఎవరు. చేతులు ఒకదాన్నొకటి వదిలేశాయి.

"అంటే ఆ రోజు నేను అందరి ముందూ నిలబడి ఉన్నప్పుడు, ఆయనకి తెలుసు" అంది నర్సు, మరిది వైపు చూడకుండానే.

తెలుసు, అంది ఆమె.

"మీకు? పచ్చ సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

రెండేళ్ళుగా, అంది ఆమె. చెప్పాను, వినలేదు, అని తర్వాతి వాక్యం నాలుక చివర దాకా వచ్చింది, అది కూడా నిజమే, మింగేసింది.

బంట్రోతు, ఒక్కరేనండీ, ఒక్కొక్కరే రావాలి, అంటున్నాడు, ఎందుకంటే ఆమె అప్పటికే లేచి నర్సు వెనక నిలబడింది. నర్సు ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది, వార్డులోకి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు, ఎక్కడ పడుకోబెట్టాలో తేల్చుకుంటున్నట్టు. కృతజ్ఞత లేదు ఆ చూపులో, క్షమ అసలే లేదు. ఆమెకు అది, చాలా రోజుల తర్వాత, ఎవరో తనతో సరిగ్గా మాట్లాడినట్టు అనిపించింది.

"ఈవిడ కూడా వస్తున్నారు" అంది నర్సు బంట్రోతుతో, అతన్ని పక్కకు జరగమని చేత్తో సైగ చేస్తూ. "ముందు ఈవిడనే మాట్లాడనివ్వండి. నేను తర్వాత చెబుతాను, నాకు ఏం కనబడిందో."